మంగళవారం మూత

షాపు, కౌంటర్ వెనక స్టూలు మీద
సోమవారం మధ్యాహ్నం

అక్కా,

భయం లేదన్నావు. నిన్న బస్సు కదులుతుంటే కిటికీలోంచి తల బయటపెట్టి, పక్కసీటావిడ వింటుండగా, "నువ్వు చదువుకోలేదురా, అందుకే నీకు భయం లేదు" అన్నావు. బస్సు కదిలేదాకా ఆగి మరీ అన్నావు, నేను తిరిగి ఒక్క మాట అనే వీలు లేకుండా. ఇంటికి నడిచొచ్చేలోపు పదకొండు జవాబులు తయారు చేసుకున్నా. అందులో మంచిది రాస్తున్నా: నీకున్న భయం మనిద్దరికీ సరిపోతుంది, నాకు వేరేగా ఎందుకు.

తొమ్మిదో తరగతిలో బడి మానేశాను, నిజమే. కూర్చోలేక మానేశాను కానీ బుర్ర లేక కాదు. ఏడేళ్ళుగా ఈ షాపులో ఏ అరలో ఏ మందు ఉందో కళ్ళు మూసుకుని తీస్తాను. నువ్వేమో పదిహేనేళ్ళు ఫార్మసిస్టుగా చేసి, ఈ వయసులో మళ్ళీ పుస్తకాల సంచీ తగిలించుకున్నావు. క్లినికల్ ఫార్మసీ అట, ఉద్యోగాలు చేస్తున్న ఫార్మసిస్టుల కోసమే పెట్టిన పీజీ అట, మొదటి మూడు నెలలు ఆ ఆసుపత్రిలోనే ఉండాలట. నాకు అర్థమైంది ఇంతే. మందు ఇచ్చేవాళ్ళు, ఆ మందు మింగిన మనిషి మంచం దాకా వెళ్ళి ఏమైందో చూసి రావడం. అదేదో నేను రోజూ సైకిల్ మీద చేస్తూనే ఉన్నా.

సరే, షాపు సంగతి. నీ బదులు కూర్చుంటానన్న పెద్దాయన తొమ్మిదింటికల్లా వచ్చాడు. డాక్టర్ చీటీలు ఆయనే చదివాడు, మందులు ఆయనే ఇచ్చాడు, నేను అందించానంతే. వారం పెట్టెలు నేను నింపాను. రోజుకో మూత చొప్పున ఏడు మూతల పెట్టెలు మొత్తం పద్దెనిమిది, నువ్వు అలమారా తలుపుకి అంటించిన కాగితం చూసుకుంటూ, పేరు పేరునా. టైలరత్త పెట్టె రెండుసార్లు చూశా. రోజూ పొద్దున తెల్లవి రెండు. మంగళవారం మధ్యాహ్నం కీళ్ళకి పసుపు చిన్నవి నాలుగు, ఆ మూత మీద ఎర్ర చుక్క. "వారంలో ఒక్కసారే" అని రాసి కింద రెండు గీతలు గీశావు. మూడోది కూడా గీయాల్సింది, కాగితంలో ఇంకా జాగా ఉంది.

ఫోన్లో మాట్లాడుకుంటే రెండో నిమిషానికి పెట్టేసుకుంటామని నువ్వే అన్నావు కాబట్టి ఉత్తరాలే. మంగళ, శుక్రవారాలు మందుల వ్యాను వస్తుంది. వ్యానాయన మీ ఆసుపత్రి స్టోర్ నుంచే బయల్దేరి మళ్ళీ అక్కడికే వెళ్తాడు. తెచ్చి ఇవ్వడానికి ఒప్పుకున్నాడు, చదవనని ఒట్టేశాడు. అడక్కుండానే వేశాడు, అదే అనుమానం.

నీ తమ్ముడు
(బొంగరం అని ఆ హాస్టల్ వాళ్ళ ముందు అనకు)

*

హాస్టల్, మూడో అంతస్తు
రెండో వారం, గురువారం

ఒరేయ్ బొంగరం,

పదకొండు జవాబుల్లో అదా మంచిది.

ఇక్కడ మేం పద్నాలుగు మందిమి. అందరిలోకీ నేనే పెద్ద. మిగతావాళ్ళు నన్ను "షాపక్క" అంటున్నారు. ముందు కోపం వచ్చింది, ఇప్పుడు పిలవకపోతే తోచడం లేదు. పొద్దున ఏడున్నరకి వార్డులో ఉండాలి. ఒక్కొక్కరికి నాలుగు మంచాలు. ఆ నలుగురు ఏం మింగుతున్నారు, ఎందుకు, ఎంత, దేనితో దేనికి పడదు, మూత్రపిండాలు ఎంత మాత్రం పనిచేస్తున్నాయి, అన్నీ రాసుకుని పెద్ద డాక్టర్ వచ్చేసరికి నిలబడి చెప్పాలి. పదిహేనేళ్ళు కౌంటర్‌కి అవతల నిలబడ్డ మనుషులతో మాట్లాడినదాన్ని, మొదటిరోజు మంచం మీద పడుకున్న మనిషి ముందు నీళ్ళు నమిలాను. ఒక కుర్ర డాక్టర్ "ఇది షాపు కాదు మేడం" అన్నాడు. మర్నాడు ఆయన రాసిన రెండు మందులు ఒకదానికొకటి పడవని చూపించాను. కొట్టేసి మళ్ళీ రాశాడు. ఆ పూట తిండి బాగా సహించింది.

నీతో పని పడింది. మా మేడం అందర్నీ ఎవరి షాపులోంచి వాళ్ళు ఒక మనిషిని ఎంచుకోమంది. ఆ మనిషి మందులన్నీ పరిశీలించి రాయాలి, దానికే ఎక్కువ మార్కులు. నేను టైలరత్తని ఎంచుకున్నా. నాకు కావలసినవి: ఆవిడ బరువు, ఏం తింటోంది, నిద్ర ఎలా ఉంది, వేళ్ళ వాపు తగ్గిందా, కొత్తగా ఏమైనా బాధ చెప్తోందా. చూసింది చూసినట్టు రాయి. నీ కవిత్వం వద్దు.

ఇంకోటి. వార్డుకి తెల్లకోటు కావాలి. ఇక్కడ కొన్నది భుజాల దగ్గర పట్టేస్తోంది, చెయ్యెత్తితే చంకలో పిగులుతోంది. టైలరత్తకి నా కొలతలు కంఠతా వచ్చు. వేళ్ళు సహకరిస్తేనే కుట్టమను, తొందరేం లేదు.

పెట్టెలు బయటికి వెళ్ళేముందు పెద్దాయన ప్రతి మూతా తెరిచి చూస్తున్నాడు కదా. అది మాత్రం రాయి.

అక్క

*

షాపు
నాలుగో వారం, గురువారం

అక్కా,

ఆలస్యమైంది, కోపగించుకోకు. టైలరత్త దొరికితేగా. బరువు తూచుకోమంటే "నన్ను కాటా మీద పెట్టి ఎవరికి అమ్ముతావురా" అంది. ఆఖరికి గుడ్డల మూటల కాటా మీద నిలబెట్టా. నలభై ఆరు. పోయినసారి నువ్వు రాసిపెట్టింది నలభై తొమ్మిది. మూట విప్పితే బరువు తగ్గదా అంది.

వేళ్ళ వాపు తగ్గింది, బాగా తగ్గింది. సూదిలో దారం మొదటిసారికే ఎక్కిస్తోంది. నిద్ర బాగానే పడుతోందట, పగలు కూడా పడుతోందట. తిండి మాత్రం తగ్గించింది. వేడిది నోట్లో పెట్టుకుంటే మండుతోందట. టీ చల్లార్చి చల్లార్చి నీళ్ళలా తాగుతోంది. నేను నోటిపూత జెల్ ఇచ్చా, బలం బిళ్ళలు ఇచ్చా. నవ్వకు, పెద్దాయన్ని అడిగే ఇచ్చా. ఎవరు ఏం చెప్పినా ఆయన చెప్పేవి ఆ రెండే, పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం. "ఊళ్ళో అందరి మీదా నోరు పారేసుకున్నా కదా, దానికి శిక్ష" అని ఆవిడే అంది. కోటు మొదలుపెట్టింది. నువ్వు మేడం అయ్యావని జేబు మీద పెన్ను గుచ్చుకునే సందు కూడా పెడుతోంది.

పెద్దాయన గురించి అడిగావు. చూస్తున్నాడు, కానీ కళ్ళతో కాదు. నవ్వొస్తుంది విను. పెట్టెని చెవి దగ్గర పెట్టుకుని ఒక్కో మూతా మీద వేలితో కొట్టి ఆడిస్తాడు. "ఇందులో మూడు, ఇందులో రెండు" అంటాడు. నేను తెరిచి చూస్తే సరిగ్గా అన్నే ఉంటాయి. ఇరవై పెట్టి పందెం కాశాను, ఓడిపోయాను. టైలరత్త మంగళవారం మూత ఆడించి "ఆరు, అందులో నాలుగు చిన్నవి" అన్నాడు. నిజంగానే అంతే. కళ్ళకి పొర వచ్చిందట, చెవులు మాత్రం ఇరవై ఏళ్ళ కుర్రాడివి.

సరుకు ఇబ్బందిగా ఉంది. దగ్గుమందు రాలేదు, గాయాలకి కట్టే గాజుగుడ్డ సగమే వచ్చింది, కీళ్ళ బిళ్ళల పాత పెట్టె లేదని రెండు వారాల కిందట వేరే పెట్టె ఇచ్చాడు, కంపెనీ అదే. షుగర్ పరీక్ష పుల్లలు మాత్రం అడక్కుండా రెండింతలు. వ్యానాయన్ని అడిగితే స్టోర్‌లో వాళ్ళ దయ అంటాడు.

నీకు కావలసినవన్నీ రాశాను. మార్కులు వస్తే సగం నావి.

తమ్ముడు

*

హాస్టల్
ఆరో వారం, సోమవారం

తమ్ముడూ,

నవ్వు రాలేదు.

ఒక సంగతి చెప్తాను, పని ఆపి చదువు. పోయిన వారం నా నాలుగు మంచాల్లో ఒకదాని మీదికి ఒక వాచ్‌మన్ వచ్చాడు. నీకంటే పదేళ్ళు పెద్ద ఉంటాడేమో. కీళ్ళ జబ్బు. టైలరత్త వేసుకునే బిళ్ళే. వారానికోసారి వేసుకోవలసింది రోజూ వేసుకున్నాడు, తొమ్మిది రోజులు. ఎవరో చీటీ తప్పు చదివి ఇచ్చారు. ఆ మందు తక్కువ మోతాదులో వారానికోసారి అయితే దేవుడిచ్చిన వరం. మోతాదు మించితే రక్తం తయారయ్యే చోటే ఎండిపోతుంది. ముందు నోరు పూస్తుంది. తర్వాత తగలకుండానే ఒళ్ళు కములుతుంది. చిన్న గాయమైనా రక్తం ఆగదు. తర్వాత జ్వరం. అతను మింగలేక నీళ్ళు పక్కకి వదిలేసేవాడు, దిండు మీద ఎర్రగా ఉండేది. విరుగుడు ఉంది, ఇచ్చాం, ఆలస్యమైపోయింది. నేను రోజూ పొద్దున వెళ్ళి అతని కాగితాలు చూసేదాన్ని. గురువారం వెళ్ళేసరికి దుప్పటి మార్చి ఉంది.

ఆ రోజు మేడం మమ్మల్ని అందర్నీ కూర్చోబెట్టి ఒక్కటే చెప్పింది. "షాపుల్లో మీరు బిళ్ళలు లెక్కపెడతారు. బిళ్ళ ఒక కొలత కాదు. బిళ్ళలో ఎంత మందుందో అది కొలత. ఎన్ని బిళ్ళలు అని రాసే చెయ్యి ఎవరిదైనా ఉంటే ఇవాళే మానుకోండి" అంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను తల దించుకున్నా. మన అలమారా తలుపు మీద కాగితం నిండా నేను రాసింది అదే కదా. రెండు, ఒకటి, నాలుగు. టైలరత్తవి ఒక్కోటి రెండున్నర మిల్లీగ్రాములు, నాలుగైతే పది, అది నా బుర్రలో ఉంది, కాగితం మీద లేదు. వచ్చినప్పుడు తిరగరాస్తాను.

ఇక పెద్దాయన. చెవితో లెక్కపెట్టడం గారడీ. మందు సరైనదో కాదో చెవికి ఎలా తెలుస్తుంది. ఆయన చూడలేకపోతే పెట్టెలు ఆపెయ్, నేను వేరేవాళ్ళని పంపిస్తాను. నువ్వు నవ్వుతూ పందేలు కాస్తున్నావు. ఇందుకే ఆ రోజు ఆ మాట అన్నాను. ఇప్పుడూ అదే అంటున్నాను.

టైలరత్త నోరు ఎలా ఉంది? జెల్‌తో తగ్గిందా? తగ్గకపోతే వెంటనే రాయి.

అక్క

*

షాపు
ఏడో వారం, గురువారం

అక్కా,

ఇప్పుడూ అదే అంటున్నావు కదా. మంచిది.

పెద్దాయన రోజూ వస్తున్నాడు. కళ్ళజోడు మార్చాడు. ప్రతి మూతా తెరిచి రెండుసార్లు చూస్తున్నాడు. ఇంకేం కావాలి?

టైలరత్త బాగానే ఉంది. నోరు కొంచెం తగ్గింది. ఆ వాచ్‌మన్ ఎవరో రోజూ మింగాడు, టైలరత్త వారానికోసారే మింగుతోంది, ఎర్ర చుక్క మూత తప్ప వేరే మూతలో ఆ బిళ్ళ ఉండదు, నేను పెట్టను. నాకు ఆ మాత్రం తెలుసు. నీకు అక్కడ కనపడ్డ జబ్బులన్నీ ఇక్కడ మాకు అంటించకు.

కోటు పంపిస్తున్నా. ఆలస్యమైందంటే ఆవిడకి ఈమధ్య బద్ధకం ఎక్కువైంది. మిషను చప్పుడు లేక సందు మూగబోయినట్టుంది. కాజాలు చేత్తో కుట్టింది. సూది గుచ్చుకుని పనంతా ఆగిపోయిందట, గుడ్డపీలిక చుట్టుకుని కూర్చుంది. మోచేతి మీద సిరా ఒలికినట్టు మరకలున్నాయి, మిషనుకి తగిలిందేమో అంది. నా పెళ్ళి చొక్కా కుట్టేదాకా ఆ మిషను అమ్మనని ఎప్పటి పాటే పాడింది. పెళ్ళికూతుర్ని చూసుకోరా, నా వేళ్ళు ఎన్నాళ్ళో అంది. ఎప్పుడూ అనేదే.

నేను బడి మానేసినరోజు నువ్వు నాలుగు రోజులు మాట్లాడలేదు గుర్తుందా. ఆవిడ మాత్రం నా కొత్త యూనిఫాం గుడ్డతో సంచీ కుట్టిచ్చి, ఏదో ఒకటి మొయ్యాలి కదరా అంది. నువ్వు ఎంచుకోవలసింది ఆవిడ బిళ్ళల్ని కాదు.

వ్యాను పొద్దున్నే వస్తుంది, మూట కట్టాలి.

తమ్ముడు

*

హాస్టల్
ఎనిమిదో వారం, సోమవారం మధ్యాహ్నం

తమ్ముడూ,

ముందు ఈ పని చెయ్యి, తర్వాత చదువు. టైలరత్త కీళ్ళ బిళ్ళల స్ట్రిప్పు తీసి, వెనకవైపు ఏముందో అక్షరం అక్షరం చదువు. నాకు ఫోన్ చేసి చెప్పు. నేను సరే అనేదాకా ఆ బిళ్ళ ఆవిడ నోట్లోకి వెళ్ళకూడదు.

నిన్న మూడుసార్లు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగింది. పెద్దాయన ఇంటికి చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఆయన రోజూ వస్తున్నాడని రాశావు. నమ్ముతున్నాను.

కోటు శనివారమే వచ్చిందట, వార్డెన్ నిన్న ఇచ్చింది. భుజాల దగ్గర అతికినట్టు సరిపోయింది. పెన్ను గుచ్చుకునే సందు భలే ఉంది. తొడుక్కుని అద్దంలో చూసుకుంటుంటే లోపలి మడతలో చుక్కలు కనిపించాయి. గోధుమరంగు చుక్కలు, కాజాల పక్కనే, ఒకటి కాదు, వరసగా. కడగడానికి చూసినట్టుంది, నీళ్ళ మరక చుట్టూ ఉంది. టైలరత్త ఎప్పుడైనా గుడ్డ మీద మరక పడనిచ్చిందా? సూది గుచ్చుకుంటే చీర కొంగుతో ఒత్తుకుని అర నిమిషంలో మళ్ళీ కుట్టేది. మన చిన్నప్పుడు చూశాం కదా.

కోటు తొడుక్కునే మంచం మీద కూర్చుని నీ ఉత్తరాలు మొదటి నుంచీ చదివాను. నోరు మండటం. మూడు కిలోలు తగ్గటం. పగలు నిద్ర. మోచేతి మీద మరకలు. వీటిని నువ్వు బద్ధకం అన్నావు. నువ్వు చూసింది చూసినట్టే రాశావు, అడిగినట్టే. చదవలేకపోయింది నేను. "వేరే పెట్టె ఇచ్చాడు" అని కూడా రాశావు, దగ్గుమందుకీ షుగర్ పుల్లలకీ మధ్య. ఆ ఉత్తరం నేను వార్డుకి నడుస్తూ చదివాను.

నేను భయపడుతున్నది తప్పే అయితే నవ్వుకో, నీకు హక్కుంది. కానీ నోరు ఎలా ఉంది, ఒళ్ళు ఎక్కడెక్కడ కమిలింది, జ్వరం ఉందా, ఇవాళే వెళ్ళి చూడు. జ్వరం ఉంటే నాకు చెప్పేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళు, ఈ ఉత్తరం డాక్టర్‌కి చూపించు.

రేపు పొద్దున నాకు వార్డు పరీక్ష. ఇప్పుడే బస్సెక్కాలా, పరీక్ష రాసి ఎక్కాలా అని గంట నుంచి ఆలోచిస్తున్నా. రాసే వస్తాను. రేపు సాయంత్రం బస్సు. ఆ గంట ఆలోచించినందుకు నన్ను నేను ఏమనుకోవాలో నాకే తెలియడం లేదు.

కాగితం మీద మిల్లీగ్రాములు రాయనిది నేను. అది గుర్తుపెట్టుకో.

అక్క

*

షాపు
మంగళవారం

అక్కా,

వ్యానాయన పొద్దున ఎనిమిదింటికే ఇచ్చాడు. ఇప్పుడు విప్పాను. మళ్ళీ పెద్దాయన గోలే ఉంటుందని రబ్బరుబ్యాండ్ల సొరుగులో పడేశా. తిట్టడానికి ఇంత మందం కాగితం ఎందుకు అనుకున్నా. పెద్ద ఆర్డర్లవాళ్ళు వచ్చి వెళ్ళేసరికి పన్నెండైంది. ఆదివారం ఫోన్ మోగితే అది హాస్టల్ నంబరే అని చూశా, ఎత్తలేదు. చేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చున్నా, ఎత్తలేదు. ఇది నేనే ఒప్పుకుంటున్నా, ఇక దీని గురించి అనకు.

ఇంకోటీ ఒప్పుకుంటా. పెద్దాయన రావడం మానేసి మూడు వారాలైంది. కంటి ఆపరేషన్‌కి కూతురి దగ్గరికి వెళ్ళాడు. నీకు చెప్తే షాపు మూయమంటావని చెప్పలేదు. పెట్టెలు ఎవరూ చూడటం లేదు, చెవితో కూడా. చీటీలు నేనే చదువుతున్నా. ఒక్క తప్పు చేయలేదు. ఎవరినైనా అడుగు.

ఇక నీ స్ట్రిప్పు. నువ్వు ఫోన్ చెయ్యమన్నావు. చెయ్యను, నువ్వు ఎలాగూ పరీక్షలో ఉంటావు, పైగా ఫోన్లో అయితే నువ్వు మధ్యలో అడ్డుపడతావు. రాసి చూపిస్తా. నీ కాగితం ప్రకారం నేను చేశానో లేదో కాగితం మీదే తేలాలి. అప్పుడు నువ్వు ఆ బస్సు మాట వెనక్కి తీసుకోవాలి, అదీ రాసి.

ఆగు, తెస్తున్నా.

తెచ్చా. ముందువైపు మందు పేరు. అదే పేరు, నీ కాగితం మీద ఉన్నదే, అక్షరం తేడా లేదు. కంపెనీ అదే. రంగు పసుపే, చిన్నవే, పాతవాటికంటే చిటికెడు పెద్దవేమో, పక్కపక్కన పెడితే తప్ప తెలియదు. నీ కాగితం మీద "నాలుగు" అని ఉంది. నేను నాలుగే పెట్టా. ఇంతవరకూ ఎక్కడైనా తప్పుందా చెప్పు.

వెనకవైపు. పైన ఏదో పెద్ద నంబరు, బ్యాచి అనుకుంటా. తయారైన నెల. గడువు ఇంకా రెండేళ్ళుంది. కింద చిన్న అక్షరాలు, కంపెనీ అడ్రస్. దాని పైన పేరు మళ్ళీ. పేరు పక్కన పది. పది పక్కన ఎం, జి.

పాత స్ట్రిప్పు ఖాళీది ఒకటి రిజిస్టర్‌లో పేజీ గుర్తుకి పెట్టుకున్నా. అదీ తీశా. దాని మీద పేరు పక్కన రెండు, చుక్క, అయిదు.

రెండున్నర.

అక్కా, నాలుగు రెండున్నరలు పది. నువ్వే రాశావు. నాలుగు పదులు నలభై. దీనికి తొమ్మిదో తరగతి కూడా అక్కర్లేదు.

ఐదు మంగళవారాలు వేసుకుంది. లెక్కపెట్టా, పెట్టె మారినప్పటి నుంచి ఐదు. ఇవాళ ఆరోది.

నిన్న పెట్టె నేనే తీసుకెళ్ళా. ఆవిడ తీసుకోవడానికి రాలేదని. మిషను పక్కన చాప మీద పడుకుని ఉంది. గోడవైపు తిరిగి ఉంది. ఒళ్ళు వేడిగా ఉందేంటి అత్తా అంటే ఎండకి అంది. ఎండ ఎక్కడుంది ఆ గదిలో. నోరు మూసుకునే మాట్లాడింది. దిండు మీద కండువా పరుచుకుంది, ఎర్రది, దుమ్ము పడకుండా అంది. నేను నమ్మా. పెట్టె మిషను బల్ల మీద పెట్టి, అత్తా రేపు ఎర్ర చుక్క మూత, మర్చిపోకు అని రెండుసార్లు చెప్పొచ్చా. ఎప్పుడు మర్చిపోయాన్రా అంది.

ఆవిడ ఎప్పుడూ మర్చిపోదు. మధ్యాహ్నం ఒంటిగంటకి తిన్నా తినకపోయినా వేసుకుంటుంది. ఆవిడకి ఫోన్ లేదు, పక్కింట్లోనూ లేదు. వ్యాను చుట్టుపక్కల ఊళ్ళు తిరిగొచ్చి వీధి చివర ఆగి ఉంది, చప్పుడు వినిపిస్తోంది, డ్రైవర్ టీ తాగుతున్నాడు. ఆవిడని అందులోనే ఎక్కిస్తా. నీ ఉత్తరం, రెండు స్ట్రిప్పులూ జేబులో పెట్టుకున్నా. విరుగుడు ఉందని రాశావు. ఉందనే రాశావు కదా.

నువ్వు పరీక్షలో ఉన్నావు. ఎవరు అడిగినా నింపింది నేనని చెప్పు. కాదు, ఇద్దరం అని చెప్పు. తెలియడం లేదు.

పన్నెండున్నర దాటింది. షాపు తెరిచే ఉంచి పోతున్నా. జేబులో ఉన్న స్ట్రిప్పుల కోసం ఇప్పుడే సొరుగంతా వెతికా. నాకు భయం లేదన్నావే, అది ఇదేనా. నేను వెళ్ళాలి